డాక్యుమెంట్ నంబర్ 417

“పాలల్లో ఫ్యాట్ ఎంతుండాది?”

“ఆరు పాయింట్ రెండు.”

“నీళ్ళు కలిపినావా?”

“మే నెల. కలిపేదానికి నీళ్ళు యాడుండాయప్పా?”

కోడ్ సరిపోయింది. పుంగనూరు పాల కేంద్రంలో పాలు కొలిచే పెద్దాయన లేచి లోపలి గది తలుపు తీశాడు. ఆయన చెంగల్రాయుడు. ఊరికి పాలాయన, గూఢచారి శాఖకు చీఫ్. క్యాన్ మోసుకుంటూ వెనకాలే వెళ్ళినవాడు ఏజెంట్ గంగప్ప. మదనపల్లె టమోటా మార్కెట్లో మండీ ఏజెంటు వేషం. పదేళ్ళుగా అదే వేషం కావడంతో టమోటా ధర పడిపోతే నిజంగానే బాధపడేవాడు పాపం.

2009వ సంవత్సరం. మధ్యాహ్నం ఒంటిగంట.

“మన ఆఫీసులో ఒకడు అమ్ముడుపోయినాడు,” అన్నాడు చీఫ్. “మన రికార్డులు వెతికే సెర్చ్ ఇంజిన్ పాస్‌వర్డ్ విదేశీ ముఠా చేతికిచ్చినాడు. ముఠాలో ఉండే మన మనిషి వివరాలు డాక్యుమెంట్ నంబర్ 417లో ఉండాయని కూడా చెప్పేసినాడు. పాస్‌వర్డ్ పనిచేసేది సాయంత్రం నాలుగు నుంచి. నాలుగు కొట్టంగానే వాళ్ళు 417 తెరుస్తారు.”

గంగప్ప క్యాన్ కింద పెట్టేశాడు. 417 అంటే అస్మా.

మదనపల్లెలో పట్టుచీరల షోరూం అస్మాది. నల్ల కళ్ళద్దాలు, ఎత్తు చెప్పులు, విదేశీయుల కార్లలో షికార్లు. ముఠా ఆమెను నెత్తిన పెట్టుకుంది. ఊరు మాత్రం నానా మాటలూ అంది. ఆమెను శాఖలోకి తెచ్చింది గంగప్పే. నాలుగేళ్ళుగా ఆమె ముఠా గుట్టు శాఖకు పంపుతోంది. పోయిన వారం చీర పరుస్తూ గుసగుసగా అడిగింది: “నాకు మెడల్ వద్దన్నా. పని అయిపోయినాక నా రిపోర్టులు మా అమ్మకు సూపియ్యి. ఆమె మా వీధిలో తలెత్తుకుని నడవాల. అంతే.”

“ఆమెను ఇప్పుడే బయటికి తెచ్చేద్దాం సార్!”

“తెస్తే పేలుడు సామాను యాడ దాచినారో ఎవరు చెప్తారు? రేపు తెల్లారేసరికి అది బెంగళూరు చేరుతుంది. నాలుగింటికి అందరి మీదా అనుమానం తీరినాకే వాళ్ళు ఆమెను ఆ చోటికి తీసకపోతారు.”

“సర్వర్ ఆపేద్దాం.”

“ఆపితే మనకు తెలిసిపోయిందని వాళ్ళకు తెలుస్తుంది. 417 తీసేసినా అంతే. ఆ నంబర్ ఉండాల, అందులో మనిషి మారాల. మార్చే పని కుప్పంలో ప్రసన్నలక్ష్మి చేస్తాది, ఆమెకు ఫోన్ చేసి చెప్తా. నువ్వు దగ్గరుండి చేయించు. పో.”

పలమనేరు దాటి, వి.కోట దాటి, గంగప్ప మోటార్ సైకిల్ కుప్పం చేరేసరికి మూడు పది. పైకి కంప్యూటర్ కోచింగ్ సెంటర్, లోపలి గదిలో శాఖ సర్వర్. ప్రసన్నలక్ష్మి ముప్పై ఏళ్ళ ఇంజనీరు. గంగప్పను చూడగానే లేచి నిలబడింది. ఆమె మొహం చూస్తేనే కొంప మునిగిందని అర్థమైంది.

“ఏమ్మా, మార్చేసినావా?”

“ఒక మాట వినండి సార్. ఏపీఐ అనే దారిలో సర్వర్‌కు అప్‌డేట్ పంపడం అంటే, పాత డాక్యుమెంట్‌లో పేరు ఒకటీ దిద్దడం కాదు. పాతది పూర్తిగా పోతుంది. అదే నంబర్‌తో కొత్తది కూర్చుంటాది. మనం పంపిందే ఉంటాది, పంపనిది ఉండదు.”

“సరే, ముందు పాతది కాపీ తీసి పెట్టుకో.”

“తీసినా. పేరు, ఊరు, చేరిన తేదీ వస్తాండాయి. రిపోర్టులు రావడంలే.”

“యాల?”

“డిస్కులో చోటు చాలదని రిపోర్టుల్లో రాసిందంతా స్టోర్ చెయ్యొద్దని ఆర్డరు సార్. మాటలు ఇండెక్స్‌లో ఉండాయి, వెతికితే దొరుకుతాయి. తెరిచి చదవాలంటే ఏమీ లేదు.”

పుస్తకాన్ని చింపేసి, చివరి పేజీలో ఉండే పదాల పట్టికను మాత్రం దాచుకున్నట్టు. ఎంత తెలివో చూడండి!

“కాగితాలుండాయి గదా?”

“కంప్యూటర్లోకి ఎక్కించినాక కాగితాలన్నీ పేపర్ మిల్లుకు తోలేసినారు.”

గంగప్ప చీఫ్‌కు ఫోన్ చేశాడు. “ఆ ఆర్డరు మీద సంతకం నాదే గంగప్పా,” అన్నాడు చెంగల్రాయుడు. “రిపోర్టులు పోతే పోనీ. పిల్ల బతకాల. చెంగయ్య పేరు పెట్టండి.”

చెంగయ్య చౌడేపల్లె ఆటో డ్రైవరు. ముఠా సామాన్లు మోసేవాడు. ఏ పాపమూ ఎరగడు. రెండు నెలల కిందట, మార్చిలో, కామెర్లతో పోయాడు. గూఢచారి వాడేనని ముఠా నమ్మితే, పీడా పోయిందనుకుంటుంది.

మూడు నలభై అయిదు. ప్రసన్నలక్ష్మి టకటకా టైపు చేసింది. నంబర్ 417. పేరు చెంగయ్య. ఊరు చౌడేపల్లె. పని, ముఠాలో గూఢచారి. సేవాకాలం, 2005 నుంచి 2009 మే వరకు. అది అస్మా సేవాకాలం. కంగారులో ఎవరూ దాన్ని మార్చాలనుకోలేదు. అప్‌డేట్ పంపింది. సర్వర్ సరేనంది.

గంగప్ప 417 వెతికాడు. తెర మీద వచ్చిన పేరు: అస్మా.

“ఇంకా పాతదే వస్తాంది!”

“కమిట్ కాలేదు సార్. అది చేస్తేనే వెతికేవాళ్ళకు కొత్తది కనబడేది. అప్పటిదాకా పాతది ఉంటాది.” ఆమె చేతులు కీబోర్డు మీంచి తీసేసింది. “కమిట్ చేస్తే ఆ పిల్ల రిపోర్టుల్లో మిగిలిన మాటలు కూడా పోతాయి, ఇంక ఎప్పటికీ రావు. నా చేత కాదు సార్. మీరే నొక్కండి.”

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంటోంది. మూడు యాభై తొమ్మిది. గంగప్పకు ఏడుపొచ్చింది. అస్మాను ఒక్క మాట అడిగే వీలు కూడా లేదు. ‘నన్ను క్షమించు తల్లీ’ అనుకుని నొక్కాడు.

నాలుగు గంటల ఆరు సెకన్లకు సర్వర్ రాసుకునే లాగ్‌లో ఒక వరుస పడింది. ఎవరో 417 తెరిచారు. జవాబు: చెంగయ్య. పేరు చూసి వెంటనే మూసేశారు.

రాత్రి ఏడు యాభైకి అస్మా నుంచి సిగ్నల్ వచ్చింది. కుప్పం రైల్వే గేటు దగ్గరి గోడౌన్. లారీ ఇంజన్ స్టార్టయి, గేటు దాటబోతుండగా కమాండోలు చుట్టుముట్టారు. టమోటా పెట్టెల కింద పేలుడు సామానంతా దొరికింది. పదకొండు మంది పట్టుబడ్డారు. వాళ్ళతోపాటు అస్మా. వ్యాన్ ఎక్కుతూ దూరంగా ఉన్న గంగప్పను చూసి నవ్వింది. తెల్లారేలోగా విడిపిస్తాడన్న ధీమా.

గంగప్ప విచారణాధికారి ముందు అంతా చెప్పాడు. చీఫూ చెప్పాడు. ప్రసన్నలక్ష్మీ చెప్పింది. అధికారి ఓపిగ్గా విన్నాడు.

“ఆమె ముఠా మనిషనడానికి ఫొటోలున్నాయి, టేపులున్నాయి. మన మనిషనడానికి ఏముంది? రికార్డులో చెంగయ్య అని ఉంది. ఆ రికార్డును చివరి నిమిషంలో మార్చింది మీరేనని లాగ్ చెబుతోంది. మార్చిన మనిషి సాక్ష్యం, మీరు తీసి పెట్టుకున్న కాపీ నేనెట్లా నమ్మాలి?”

చెంగల్రాయుణ్ణి ఇంటికి పంపారు. అస్మాకు తొమ్మిదేళ్ళు పడింది.

తీర్పు రోజు గంగప్ప మదనపల్లెలో లాల్ బీ ఇంటికి వెళ్ళాడు. ఆమె అస్మా తల్లి. గుమ్మంలోనే నిలబడి, “మీ అమ్మాయి తప్పు చెయ్యలేదమ్మా. దేశం కోసం పనిచేసింది,” అన్నాడు.

“నాకు తెలుసు బేటా. కన్నదాన్ని, నాకు తెలీదా?” అంది లాల్ బీ. “రాసింది ఏమన్నా ఉంటే ఇయ్యి. నాకు సదువు రాదు. వీధిలోవాళ్ళు సదువుకుంటారు.”

గంగప్ప ఖాళీ చేతులతో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమే లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

తర్వాత జనవరిలో శాఖవాళ్ళు మెడల్స్ జాబితా కంప్యూటర్ నుంచే తీశారు. మొదటి పేరు 417. మూసిన తలుపుల వెనక చెంగయ్య భార్య రత్నమ్మ మెడల్ అందుకుంది. ఆమెను పిలుచుకొచ్చే డ్యూటీ గంగప్పకే పడింది. బయటికొచ్చాక ఆమె ప్రశంసాపత్రాన్ని రెండుసార్లు చదువుకుని అతని వైపు తిరిగింది.

“మా ఆయన నాకే ఒక్క మాట దాచలేని మనిషప్పా! సరే, దాచినాడే అనుకుంటా. ఆయన పోయింది మార్చిలో. మే దాకా పనిచేసినాడని రాసుండారే?”

“పోయినాక కూడా అంత నిజాయితీగా పనిచేసినోళ్ళు శాఖలో చానా తక్కువమ్మా,” అన్నాడు గంగప్ప.