నక్కలకు కట్టిన చీరలు

విజయసారథి ఆమనితో మొదటిసారి మాట్లాడింది నక్కల గురించి. ఆ మాటకొస్తే రెండోసారీ మూడోసారీ కూడా నక్కల గురించే. ప్రేమకథ మొదలుపెట్టే పద్ధతి ఇది కాదని తరవాత చాలాసార్లు అనుకున్నాడు గానీ, అప్పటికి అది ప్రేమకథని అతనికి తెలియదు. పుచ్చతోట అనే అనుకుంటున్నాడు.

బాపట్లలో వ్యవసాయం చదివి, రెండేళ్ళు ఎరువుల కంపెనీ తరఫున ఊళ్ళు తిరిగి, ఆ తిరుగుడు విసుగొచ్చి అడవులదీవి దగ్గర ఎకరం ఇసుకనేల కౌలుకు తీసుకున్నాడు. ఉండటం రేపల్లెలో ఒక అద్దెగదిలో. పొద్దున్నే బండి మీద వస్తే మళ్ళీ సాయంత్రానికే పోవడం. తెనాలిలో ఉన్న తల్లి వైదేహికి మాత్రం, బుద్ధిగా ఉద్యోగం చేసుకునే కొడుకు ఇసుకలో ఏం పండిస్తాడో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

మార్చి నెలలో ఒక పొద్దున వచ్చి చూసేసరికి పదకొండు పుచ్చకాయలు కొరికి ఉన్నాయి. పూర్తిగా తినేసినా అంత బాధ ఉండేది కాదు. ఒక్కో కాయకు ఒక్కో చిల్లు పెట్టి, నాలుగు గుక్కల రసం తాగి వదిలేశాయి. అడుగుల జాడలు పక్కతోట వైపు నుంచి వచ్చి, మర్యాదగా పక్కతోట వైపే వెళ్ళాయి. సారథి ఆ జాడల వెంట కంచె దాకా నడిచాడు.

కంచె అంటే ముళ్ళతీగ కాదు, చీరలు. కర్రలు పాతి, పాత చీరలు ఒకదానికొకటి ముడివేసి తోట చుట్టూ కట్టారు. గాలికి అవి ఊగుతుంటే పేరంటానికి వచ్చినవాళ్ళంతా వరసగా నిలబడినట్టుంది. వాటి వెనక ఒకమ్మాయి దొరువులో బిందె ముంచి మిరప మొక్కలకు నీళ్ళు పోస్తోంది. ఆ తీరంలో ఇసుక నాలుగడుగులు తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరుతాయి. ఆ గుంటనే దొరువంటారు.

"ఏవండీ, మీ నక్కలు మా తోటలో పడ్డాయండి," అన్నాడు సారథి.

ఆ అమ్మాయి బిందె దించింది. "మా నక్కలా? పేర్లేమన్నా చెప్పాయా?"

సారథి తడబడి జాడలు చూపించాడు. ఆమె కంచె దాటి వచ్చి, వంగి శ్రద్ధగా చూసింది. ఇది మగదని, ముందుకాలు కొంచెం కుంటుతుందని, రెండేళ్ళుగా తమ తోట చుట్టూ తిరుగుతున్నా ఒక్క కాయ ముట్టలేదని చెప్పింది. ఎందుకు ముట్టలేదని అడిగాడు.

"మేం దానికి నీళ్ళు పెడతాం కదండి," అంది.

వేళాకోళం చేస్తోందనుకున్నాడు. కానీ ఆమె మామూలుగానే చెబుతోంది. చుట్టుపక్కల కాలవల్లో అంతా సముద్రపు పోటు నీళ్ళే, ఉప్పు. అందుకని అక్కడి తోటలవాళ్ళు కంచె బయట ఒక చివరి దొరువు మూయకుండా వదిలేస్తారు. నక్కలు, ముంగిసలు, అడవిపిల్లులు తాగిపోతాయి. సారథేమో జంతువులు నీళ్ళు పాడుచేస్తాయని తన రెండు దొరువుల మీదా వల బిగించాడు. తియ్యటి నీళ్ళు దొరక్క అవి కాయలు కొరుకుతున్నాయట.

"వల తీసేయండి, సరిపోతుంది. చీరలు కొత్తగా వచ్చేవాటికే," అంది.

నీళ్ళు పెట్టి పిలిస్తే ఇంకో పది వస్తాయని తాను చదువుకున్నానన్నాడు సారథి. ఆమె అతన్ని కిందినుంచి పైకి ఒకసారి చూసి, అయితే చీరలన్నా కట్టుకోమని చెప్పి వెళ్ళిపోయింది.

ఆమె పేరు ఆమని అని, వాళ్ళ నాన్న సూర్యనారాయణ రేపల్లెలో లెక్కల మాస్టారని, డిగ్రీ అయ్యాక తోట పనంతా ఆమె, వాళ్ళమ్మ హైమావతి చూసుకుంటున్నారని యలమంద చెప్పాడు. యలమంద రెండు తోటల్లోనూ పనిచేసే ముసలాయన. అడిగినవాటికి సగం, అడగనివాటికి రెట్టింపు చెబుతాడు.

ఆ సాయంత్రం సారథి తల్లికి ఫోన్ చేసి పాత చీరలు కావాలన్నాడు.

"చీరలా? ఎవరికిరా?"

"నక్కలకమ్మా."

మూడోరోజుకు బస్సులో తొమ్మిది చీరల మూట వచ్చింది. దాంతోపాటు, ఏదన్నా ఉంటే దాచకుండా చెప్పమని ఒక చీటీ.

కంచె కట్టడానికి ఆమనే వచ్చి ముడులు నేర్పింది. చీర నేలకు జానెడు పైన ఉండాలి, గాలికి కొంగు కొట్టుకోవాలి, అప్పుడే మనిషనుకుంటాయని చెప్పింది. అతను వేసిన ముడులన్నీ ఊడిపోయాయి. ఆమె నవ్వు ఆపుకుంటూ మళ్ళీ వేసింది. సారథి ముడుల కంటే ముడులు వేసే వేళ్ళనే ఎక్కువ చూశాడని, అందుకే ఆ విద్య అతనికి అబ్బలేదని ఇక్కడ చెప్పక తప్పదు.

అయోమయం అప్పుడు మొదలైంది.

ఒక శనివారం ఆమని స్కూటీ పంక్చరైతే బండి మీద రేపల్లెలో దింపాడు. ఆదివారం పొద్దున వచ్చి చూస్తే, తన తోటవైపు ఉన్న ఆమె కంచెకు కొత్తగా ఆకుపచ్చ చీర. అంతకుముందు అక్కడ గోధుమరంగుది ఉండేది. పట్టించుకోలేదు. బుధవారం మాటల్లో పొరపాటున, ఆమె వేసిన టమాటా వరస వంకరగా ఉందన్నాడు. గురువారం ఎర్రచీర. ఈసారి పట్టించుకున్నాడు.

తరవాతి ఆదివారం ఆమని తోటలో పండిన దోసకాయలు ఇచ్చిపోయింది. ఆరోజు మళ్ళీ ఆకుపచ్చ.

సారథి ఫోన్లో తేదీలు, రంగులు రాయడం మొదలుపెట్టాడు. ఆకుపచ్చ, మాట్లాడింది. ఎరుపు, మాట్లాడలేదు. నీలం, మాట్లాడింది గానీ విత్తనాల గురించి. నీలం ఏంటో ఎంతకీ తేలలేదు. ఉండబట్టలేక, ఇక్కడ చీరల రంగుకి ఏమన్నా అర్థముంటుందా అని యలమందను అడిగాడు.

"ఆడాళ్ళు ఊరికే ఏదీ చెయ్యరయ్యా," అన్నాడు యలమంద, చుట్ట వెలిగించుకుంటూ.

దాంతో ఆ కాస్త అనుమానమూ పోయింది. జవాబు చెప్పకపోతే బావుండదని, తల్లి పంపిన వాటిలోంచి పువ్వుల పసుపుచీర తీసి ఆమెకు ఎదురుగా కట్టాడు. రెండు రోజులు నిద్రలేదు. మూడోరోజు చూస్తే ఆమె కంచెకీ పసుపుచీరే. ఆరోజు సారథి ఒకే పుచ్చపాదుకు నాలుగుసార్లు నీళ్ళు పోశాడు.

ఇంత జరుగుతున్నా కాయలు మాత్రం రోజుకు రెండు మూడు పోతూనే ఉన్నాయి. కుంటినక్క చీరలకు భయపడటం మానేసింది. అతనికి ఆ ధ్యాసే లేదు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన. చీరలు తడిస్తే బరువెక్కి కర్రలు పడిపోతాయని ఆమని అటునుంచి కేకేసింది. ఇద్దరూ చెరోవైపు నుంచి చీరలు లాగుతూ, తడుస్తూ, చివరికి ఆమని వాళ్ళ తాటాకు పాకలోకి పరిగెత్తారు. లోపల యలమంద నిద్రపోతున్నాడు. ఆమని కొంగుతో ముఖం తుడుచుకుంటుంటే చెవి దగ్గర ఒక చినుకు జారకుండా ఆగిపోయింది. దాన్ని చూస్తూ సారథి తన తెలివినంతా పోగొట్టుకున్నాడు.

"మీ చీరలు నాకు అర్థమయ్యాయండి," అన్నాడు.

"ఏం అర్థమయ్యాయి?"

చెప్పాడు. ఆకుపచ్చ సంగతి, ఎరుపు సంగతి, ఫోన్లో రాసుకున్న సంగతి, పసుపుకు పసుపు సంగతి. నీలం ఒక్కటే తేలలేదని కూడా చెప్పాడు.

ఆమని మొదట కళ్ళు పెద్దవి చేసి విన్నది. తరవాత చీరల మూట మీద కూలబడి నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఒకే చీర ఒకేచోట ఉంటే నక్కలు అలవాటు పడిపోతాయని, అందుకే మూడు నాలుగు రోజులకోసారి చేతికి ఏది దొరికితే అది మారుస్తానని, ఆ మాట మొదటిరోజే చెప్పాల్సిందని అంది.

"మీకు చెప్పలేదని ఇప్పుడే గుర్తొచ్చింది. అందుకే మీ కాయలు ఇంకా పోతున్నాయి."

సారథికి అవమానం ఒకటైతే, ఆమె నవ్వు ఇంత బాగుందేమిటన్న బాధ ఇంకొకటి. ఏది పెద్దదో తేల్చుకోలేకపోయాడు. అతని ముఖం చూసి ఆమె నవ్వు తగ్గింది. వచ్చే ఆదివారం తనకు పెళ్ళిచూపులని చెప్పింది. తెనాలి సంబంధం, కాలేజీ లెక్చరర్. అమ్మ చీరాల వెళ్ళి వంకాయరంగు చీర కొనుక్కొచ్చింది, మామిడిపిందెల అంచుది.

"మంచిదండి," అన్నాడు సారథి.

"అంతేనా?"

చీరలు చదవడం రాదని ఇప్పుడే రుజువైంది, ఈ ముఖం మాత్రం ఎలా చదవగలడు? వాన తగ్గకుండానే అతను వెళ్ళిపోతుంటే వెనకనుంచి ఆమె అంది:

"నక్కంటే నోరులేనిది కాబట్టి దాహమేస్తే కాయలు కొరుకుతుంది. మనిషికేమైందండి, అడగడానికి?"

ఆ మాట దొరువు మీది వల గురించేనని అతను అనుకున్నాడు. మర్నాడు పొద్దున వచ్చి చివరి దొరువు మీది వల తీసేశాడు. రెండు రోజుల తరవాత దాని అంచున కుంటి అడుగులు, వాటి వెంట రెండు చిన్న అడుగుల వరసలు కనిపించాయి. కాయలు ఒక్కటీ పోలేదు. అది చూసి సంతోషించాల్సినవాడు గట్టున కూర్చుని దిగులుపడ్డాడు. ఆమె మొదటిరోజే నిజం చెప్పింది. విని ఉంటే ఎన్ని కాయలు మిగిలేవో, ఇంకేమేం మిగిలేవో.

ఆదివారం రాకూడదనుకున్నాడు. కానీ కోతకొచ్చిన తోటను ఎండకు వదిలెయ్యలేక ఎనిమిదింటికి వచ్చాడు.

వచ్చి, బండి స్టాండు కూడా వెయ్యకుండా నిలబడిపోయాడు.

తనవైపు ఉన్న ఆమె కంచెకు వంకాయరంగు చీర కట్టి ఉంది. మామిడిపిందెల అంచు. మడతల గీతలు ఇంకా పోలేదు. ఒక్కసారి కూడా కట్టని చీర.

కంచె వైపు రెండడుగులు వేశాడు. వెంటనే తనను తాను తిట్టుకున్నాడు. చీరలకు అర్థాలుండవు. చేతికి ఏది దొరికితే అది కడతారు. ఈ పాఠం ఒకసారి నేర్చుకున్నది చాలు. బిందె తీసుకుని గట్టిగా ముఖం తిప్పుకుని నీళ్ళు పోయడం మొదలుపెట్టాడు. ఒక బిందె పోసి చీర చూశాడు. రెండోది పోసి చూశాడు. పెళ్ళిచూపుల చీర చేతికి ఎలా దొరుకుతుంది? దొరికినా నక్కలకు ఎందుకు కడుతుంది? మూడో బిందె తన కాళ్ళ మీదే పోసుకున్నాడు.

ఆమని వచ్చింది. రోజూ తోటలో కట్టుకునే పాత నేతచీరలోనే ఉంది.

"చీర చూశారా?"

"చూశానండి."

"ఏం అర్థమైంది?"

"ఏమీ అర్థం కాలేదండి. అర్థాలుండవని మీరే చెప్పారు కదా."

ఆమె తల పట్టుకుని గట్టు మీద కూర్చుంది. "మిగతావాటికి లేదు. ఈ ఒక్కదానికి ఉంది," అంది మెల్లగా.

సారథి బిందె కింద పెట్టాడు. ఆమె ఇసుక వైపు చూస్తూ చెప్పుకుపోయింది. పెళ్ళిచూపుల్లో కూర్చోనని నిన్న పొద్దున అమ్మకు చెప్పేసింది. నాన్న తెనాలివాళ్ళకు ఫోన్ చేసి బయల్దేరవద్దన్నారు. మరి ఎవరినన్నా అనుకున్నావా అని అమ్మ అడిగితే ఏం చెప్పాలో తెలియక ఊరుకుంది.

"చివరి దొరువు మూయొద్దని ఇక్కడికి కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతానండి. అందరూ నవ్వేవాళ్ళే. నేనే మిమ్మల్ని చూసి అంత నవ్వాక కూడా, మర్నాడు వల తీసింది మీరొక్కరే. అది చూశాక ఆ చీర కట్టుకుని ఇంకొకళ్ళ ముందు కూర్చోబుద్ధి కాలేదు. కానీ మా అమ్మకి ఏమని చెప్పను? నన్నెవరూ ఏమీ అడగలేదు కదా."

సారథి దొరువు వైపు చూశాడు. ఇంతకాలం రంగులు లెక్కపెట్టాడే గానీ, రెండు ముక్కలు అడగలేదు. నీళ్ళు పక్కనే ఉండగా కాయలు కొరుకుతూ తిరిగింది కుంటినక్క కాదు, తానే.

"నన్ను పెళ్ళి చేసుకుంటారా, ఆమని గారూ?" అన్నాడు.

"చేసుకుంటానండి," అంది ఆమె, ఏమాత్రం ఆలోచించకుండా. తరవాత ఎర్రబడింది.

పాకలోంచి హైమావతి గొంతు వినిపించింది. "అడిగాడా, లేదా?"

"అడిగాడమ్మా," అన్నాడు యలమంద. ఆయన కంచె వెనకే చుట్ట కాలుస్తున్నాడని అప్పటిదాకా ఇద్దరికీ తెలియదు.

హైమావతి బయటికి వచ్చి సారథిని తేరిపార చూసింది. ఈ వారమంతా కూతురు చెప్పిందీ చెప్పనిదీ ఆ చూపులో సరిచూసుకుంది.

"ముందు ఆ చీర విప్పి ఇవ్వు బాబూ, కొత్తది, కర్రలకి పట్టి చిరుగుతుంది," అంది. "వచ్చే వారం మీ అమ్మగారిని తీసుకురా. ఆవిడతో మాట్లాడాలి. తోటకి కాదు, ఇంటికి."

సారథి చీర ముడి విప్పబోయాడు. ఎంతకీ ఊడలేదు. ఆమని వచ్చి ఒక్క లాగుతో విప్పి, మడిచి, నవ్వు కనబడకుండా దాన్ని గడ్డానికి ఆనించుకుంది.

అతను గట్టు చివరికి నడిచి, దొరువు పక్కన నిలబడి తెనాలికి ఫోన్ చేశాడు. నీళ్ళ అంచున రాత్రి వచ్చిపోయిన అడుగులు ఇంకా తడిగానే ఉన్నాయి.

"అమ్మా, ఒక చీర కావాలి."

అవతల వైదేహి నిట్టూర్చింది. "నక్కలు అవి కూడా చింపేశాయా? పాతవి ఇంక లేవురా."

"పాతది కాదమ్మా," అన్నాడు సారథి. "ఈసారి కొత్తది. నువ్వే తీసుకురావాలి."