రాగి రేకు తిప్పిన చెయ్యి

నేలమాళిగలోని లేజర్ గదికి చెడ్డపేరు వచ్చి రెండు నెలలైంది. అక్కడ పనిచేసిన ముసలి మెకానిక్ పోయినప్పటి నుంచీ చీకటిపడితే అక్కడికి ఎవరూ దిగడం లేదు. లేజర్ పేల్చిన అర నిమిషానికి... ఇనప పెట్టె లోపలి నుంచి ఎవరో తడతారట. ఇద్దరు విద్యార్థులు చెవులారా విని, చెప్పులు వదిలేసి పరుగెత్తారు. గాలంతా తోడేసిన పెట్టె అది. ఊపిరి అక్కర్లేనివాళ్లే అందులో ఉండాలి మరి.

ఆ రాత్రి పరిశోధక విద్యార్థిని ఒక్కతే దిగింది. తెల్లారితే గది ఇంకొకరికి అప్పగించాలి. ఈలోగా కొలతలు రాకపోతే నాలుగేళ్ల కష్టం నీళ్లపాలు.

ఆమెకి దెయ్యాల భయం లేదు. ఆ మెకానిక్‌కి మొహం చూపించలేని భయం. "ఆయన చేతులు వణుకుతున్నాయి, నా పని పాడవుతోంది" అని పైవాళ్లకి చెప్పింది తనే. ఆయన్ని ఆ గది నుంచి తప్పించారు. నెల తిరక్కుండా పోయాడు. ఒక్కసారైనా వెళ్లి చూడలేదు.

తలుపు మూసి, బయటి నుంచి మీట నొక్కింది. లేజర్ తగిలి రాగి రేకు మీద ఆవగింజంత చోటు భగ్గున ఆవిరై, ఎక్స్-రేలు చిమ్మింది. తెర మీద వాటి గీతలు చక్కగా పడ్డాయి. లోపలికొచ్చి పెట్టె మీద చెయ్యి వేసింది.

టక్...

అదిరిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"బాబాయ్... నా మీద కోపమా?" అంది గొణుగుతూ.

పళ్లబిగువున ఇంకో మూడుసార్లు పేల్చింది. మూడుసార్లూ అదే టక్. గీతలూ అంతే పదునుగా వచ్చాయి.

అప్పుడు తట్టింది — పేల్చిన ప్రతిసారీ రేకుకి చిల్లు పడుతుంది. పెట్టె పక్కనున్న పిడి తిప్పి, రేకుని కొత్త చోటికి జరపకపోతే గీతలు రావు. ఆ పని ఎప్పుడూ ఆయనదే. తను పిడిని ముట్టుకోనే లేదు... మరి తిప్పిందెవరు?

పెట్టెలోకి గాలి వదిలి, మూత తీసింది. రేకు మీద నాలుగు చిల్లులు, వరసగా. దాని కింద బొటనవేలంత మోటారు — పేల్చిన అర నిమిషానికి టక్‌మని రేకుని జరిపేది. తీగలకి టేపు వంకరటింకరగా చుట్టి ఉంది.

"అది ఆయనే పెట్టాడమ్మా."

మెట్ల మీద వాచ్‌మన్.

"తప్పించాక కూడా రాత్రిళ్లు వచ్చేవాడు. నేనే లైటు పట్టుకునేవాణ్ణి. తెలిస్తే నా ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పలేదు."

"నన్ను... తిట్టుకున్నాడా?"

"లేదమ్మా. 'నేను లేకపోతే ఆ పిచ్చిపిల్ల రేకు తిప్పడం మర్చిపోతుందిరా' అనేవాడు."

ఆమె పెట్టె అంచు పట్టుకుని బావురుమంది.