పారబోసే మొదటి నీళ్లు

"రేపు సాయంత్రం నాలుగింటికి ట్యూబ్ చేతులు మారుతుంది. మారకూడదు," అన్నాడు చీఫ్ రవీంద్ర.

సూరత్ పక్కన పల్సానాలో, ఒక చీరల మిల్లు వెనక రహస్య ల్యాబ్. విదేశీ ముఠా అక్కడ విషపు ప్రొటీన్‌ను శుద్ధి చేయిస్తోంది. ఒక్క ట్యూబ్‌తో ఒక ఊరి తాగునీళ్లు విషమైపోతాయి.

"పద్ధతి అఫినిటీ క్రొమటోగ్రఫీ, చివర్లో ఇమిడజోల్. ఈ పెన్నులో ఈడీటీఏ ఉంది, అవసరమైతే వాడు. అర్థమైందా?"

"యస్ సర్," అన్నాడు ఏజెంట్ పరమేశ్. సగం కూడా అర్థం కాలేదు. అడిగితే పరువు పోతుందనుకున్నాడు.

మర్నాడు తెల్లకోటు వేసుకుని, గుజరాతీ టెక్నీషియన్ వేషంలో ల్యాబ్‌లో దిగాడు. కోడ్ వర్డ్‌కు బదులిచ్చింది సైంటిస్ట్ ఇందుజ. ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్. ఆమె నవ్వు చూశాక బ్రీఫింగ్‌లో విన్న ఆ సగం కూడా ఎగిరిపోయింది.

మూల సింక్ దగ్గర గాజుసామాను కడుగుతున్న ముసలామె తలెత్తింది. "ఏంది బిడ్డా, గిట్ల చిక్కినవ్? అమ్మ మంచిగున్నదా?"

బాలవ్వ. అతని సొంత చిన్నమ్మ. సూరత్‌లోని భేస్తాన్‌లో అమ్మ మగ్గాల డ్యూటీకి పోతే అన్నం తినిపించి పెంచిన మనిషి.

"కౌన్ హై తూ? అప్నా కామ్ కర్," ఎవరు నువ్వు, నీ పని చూసుకో అని హిందీలో కసిరాడు పరమేశ్.

కవర్ కోసమే అన్నానని సర్దిచెప్పుకోబోయాడు. కుదరలేదు. గదిలో ఉన్నది ఇందుజ ఒక్కతే, అతనెవరో ఆమెకు ముందే తెలుసు. ఆ అందగత్తె ముందు చిన్నబోతానని పెంచిన చేతినే కాదన్నాడు. బాలవ్వ మళ్లీ బీకర్ కడగడంలో పడింది. సిగ్గుతో పరమేశ్ చెవులు కాలిపోయాయి.

మూడూ నలభై. ఇందుజ నీలం రంగు నికెల్ నింపిన గాజు గొట్టంలో, అంటే కాలమ్‌లో, ద్రవం పోసింది. కింద ట్యూబ్ నిండింది. "ఇదే సరుకు. తీసుకుని వెళ్లిపో," అంది.

పరమేశ్ దాన్ని జేబులో వేసుకుని కారిడార్‌లోకి వచ్చేశాడు. వెనకే బాలవ్వ వచ్చింది.

"నువ్వెవలో నాకెర్కలేదు సారూ. గని నీ జేబులున్నయి పారబోసే నీళ్లు. గామె రోజు నాతోనే పారబోయిస్తది."

"ఏమంటున్నవ్?"

"రంగు మిల్లుల ఆరేండ్లు చేసిన. రంగు బట్టకు పట్టుకుంటది, ఉత్త నీళ్లు కిందికి పోతయ్. ఇది సుత గంతే. అసలుది ఆ నీలం గొట్టంలనే ఉన్నది. ఇంకో సీసల మందు పోస్తెనే ఊడొస్తది."

ఇమిడజోల్! బ్రీఫింగ్‌లో విన్న మాట ఇప్పుడు అర్థమైంది. తనను బయటికి సాగనంపి, అసలు ప్రొటీన్‌ను ముఠాకు అందించబోతోంది ఇందుజ. ఆమె డబుల్ ఏజెంట్ నిజమే, కానీ అవతలి వైపు.

ఒక్క పరుగున వెనక్కి వెళ్లాడు. మూడూ యాభై తొమ్మిది. ఇందుజ చేతిలో సీసా, పక్కన సరుకు తీసుకెళ్లడానికొచ్చిన విదేశీ కొరియర్. రివాల్వర్‌తో ఇద్దరినీ గోడకు నిలబెట్టి, పరమేశ్ పెన్ను తీశాడు. అందులో సిరా బదులు నికెల్‌ను ఊడదీసే ఈడీటీఏ. కాలమ్‌లో పిండాడు. నికెల్ ఊడింది. నీలం తెల్లబడింది. నికెల్‌ను పట్టుకున్న విషమంతా, వెంటే వచ్చిన బాలవ్వ కిందికి జరిపిన బ్లీచ్ బకెట్‌లో పడి చచ్చింది.

పోలీసులు వచ్చి ఇద్దరినీ తీసుకెళ్లాక, "తప్పయింది చిన్నమ్మా," అన్నాడు. తలెత్తలేకపోయాడు.

"మీ అమ్మకు చెప్పనుతియ్. అన్నం తిన్నవా?"

దానికంటే ఒక దెబ్బ కొట్టినా బాగుండేది.

రిపోర్టులో 'లోకల్ సోర్స్' అని రాసి, సిగ్గేసి కొట్టేసి, 'మా చిన్నమ్మ బాలవ్వ' అని రాశాడు. చీఫ్ ఫోన్ చేశాడు.

"డ్యూటీలో ఏజెంట్‌కు బంధువులు ఉండకూడదయ్యా."

"లేరని చెప్పి చూశాను సర్. మా చిన్నమ్మ నమ్మలేదు."