భంగార్లో దొరికిన నల్ల ఫోను

సోలాపూర్‌లో అశోక్ చౌక్ వెనక సందులో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కూర్చుని నేను బీడీలు చుట్టేదాన్ని, వెనక గదిలో వంట. ఒక పక్క టవళ్ల కార్ఖానా, ఇంకో పక్క చద్దర్ల కార్ఖానా. సాంచెల, అంటే కరెంటు మగ్గాల చప్పుడు ఆగేది కాదు. మా సందులో పసిపిల్లలు ఆ చప్పుడులోనే హాయిగా నిద్రపోయేవారు. అది ఆగితేనే ఉలిక్కిపడి లేచి ఏడ్చేవారు.

మా ఆయన సిద్ధరాములు టవళ్ల కార్ఖానాలో జాబరు. ఏ సాంచె మొరాయించినా విప్పి బాగుచేసేవాడు. ఇంటికి వచ్చాక కూడా ఆయన చేతులు ఊరుకునేవి కావు. ఊళ్లోకి బటన్ల ఫోన్లు కొత్తగా వస్తున్న రోజులవి. సేట్లు, ఆఫీసులవాళ్లు పాత నల్ల ఫోన్లను భంగారుకు, అంటే పాత సామాన్ల కొట్టుకు వేసేస్తుంటే ఈయన ఏరుకొచ్చేవాడు. పగిలినచోట అతికించి, డయల్ వేలితో తిప్పి వదిలితే గిర్రున వెనక్కి వచ్చేలా చేసి, నూనెగుడ్డతో మన మొహం కనబడేదాకా తుడిచేవాడు. రిసీవరుకు ఉండే గుడ్డతాడు చీకిపోయి ఉంటే, కార్ఖానా నుంచి నల్లనూలు తెచ్చి జడలాగా తానే అల్లేవాడు.

"తాడు తెగాలంటే ఏనుగు రావాలె" అని నవ్వేవాడు.

ముందు గదిలో గోడ పొడుగునా, విరిగిన మగ్గం చెక్కతో బల్ల కొట్టి, దాని మీద తెల్ల టవలు పరిచి వాటిని వరసగా పెట్టాడు. పక్కన పిడి తిప్పేది ఒకటి, గోడకు తగిలించేది ఒకటి, ఎర్రది ఒకటి... మొత్తం పదకొండు. సందు మొత్తంలో మోగే ఫోను ఒక్కటి లేదు, సిద్ధరాములు ఇంట్లో మోగనివి పదకొండు ఉన్నాయని అందరూ వేళాకోళం చేసేవారు. అయినా చుట్టాలొస్తే మాత్రం మా ఇంటికే తీసుకొచ్చి చూపించేవారు. పైకి విసుక్కున్నా నాకూ లోపల గొప్పగానే ఉండేది.

తొంభై రెండులో, వానలు మొదలయ్యాక పన్నెండోది తెచ్చాడు. ఎప్పుడో మూతపడిన కార్ఖానా ఆఫీసులోదని భంగారువాడు చెప్పాడట. మిగతావాటికంటే రెండింతల బరువు. అడుగున ఇనప పలక. ఆ రాత్రి భోజనాలయ్యాక మా ఆయన దాన్ని విప్పి, మాట్లాడేచోట ఉండే చిల్లుల్ని గుండుసూదితో కుళ్లగించడం మొదలుపెట్టాడు. గోధుమరంగు పొట్టు రాలింది.

"ఏందయ్యా అది?"

"పాన్ ఉమ్మి అయ్యుంటది. మాట్లాడుకుంట మాట్లాడుకుంట పడ్డది."

మూత తిప్పి తీస్తే లోపల నుంచి చిన్న తెల్లటి ముక్క పడింది. ఆయన దాన్ని అరచేతిలో వేసుకుని దీపం దగ్గర చూశాడు. ముందరి పన్ను. సగానికి విరిగింది. నా మొహం చూసి బయటికి వెళ్లి మోరీలో పారేసి చేతులు కడుక్కుని వచ్చాడు. ఆ ఫోనును కూడా పారెయ్యమని నేను రెండు రోజులు పోరుపెట్టాను. ఆయన వినలేదు. కొత్త తాడు అల్లి, మెరిపించి, బల్లమీద సరిగ్గా మధ్యలో పెట్టాడు.

రాఖీ పున్నమి వచ్చింది. మా పద్మశాలోళ్లకు అదే పెద్ద పండుగ. మగవాళ్లు కొత్త జంధ్యాలు వేసుకుంటారు, మార్కండేయ స్వామి రథం ఊరేగుతుంది. సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగే రోజు అది. నాకు రెండు రోజులుగా జ్వరం. అందుకని రథం చూడ్డానికి వెళ్లలేదు. మధ్యాహ్నానికి సందు ఖాళీ అయిపోయింది. ఆకాశం మబ్బు కమ్మి ఉంది. కరెంటు లేదు. తలుపు దగ్గరగా వేసుకుని, తడిపిన తునికాకు చాట ముందు పెట్టుకుని, ఊరికే ఉండలేక ఆకు కత్తిరిస్తున్నాను. తంబాకు ఘాటు, తడి ఆకు వాసన, బల్ల మీది నుంచి నూనె వాసన. సాంచెలు లేక చెవులు దిబ్బెళ్లు వేసినట్టుంది. నా కత్తెర చప్పుడు నాకే పెద్దగా వినిపిస్తోంది. ఎక్కడో దూరంగా డోళ్లు.

తలుపు తోసుకుని ద్రౌపదక్క వచ్చింది. మా పక్కింటావిడ. నాకంటే పదేళ్లు పెద్దది. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు బీడీ చుట్టడం నేర్పింది ఆమెనే. నాకు అక్కలేని లోటు తెలియనివ్వలేదు.

"ఎట్లున్నదే పానం? ప్రసాదం తెచ్చిన, తిను" అని అరటిపండు నా చేతిలో పెట్టింది. బల్ల వైపు చూసింది. "ఇదేనా కొత్తది? మస్తు చమకుతున్నది గదనే!"

"దాన్ని ముట్టకక్కా. నాకు మంచిగ అనిపిస్తలేదు."

"నీకు జరమొచ్చి అట్ల అనిపిస్తున్నది" అంటూ రిసీవరు ఎత్తి చెవికి పెట్టుకుంది. నన్ను నవ్వించడానికి గొంతు మార్చి, "హలో! కోణ్ బోల్తంయ్?" అని, ఎవరు మాట్లాడేదన్నట్టు మరాఠీలో అడిగింది.

నేను నవ్వాను.

ఆమె మొహం మీద నవ్వు అలాగే ఉంది. కళ్లల్లోంచి మాత్రం పోయింది. తల కొంచెం వంచి వింటోంది. ఆ ఫోను తీగ వెనక గోడకు ఎక్కడా తగిలి లేదు. తెగిన కొస బల్ల అంచు నుంచి కిందికి వేలాడుతోంది.

"హా..." అంది మెల్లగా. "హా... ఉన్నది."

"అక్కా?"

"ఒక్కతే. మొగడు రథం కాడికి పోయిండు."

నా ఒంట్లో జ్వరం చల్లబడిపోయింది.

"తలుపా? దగ్గరికేసే ఉన్నది." కాసేపు విన్నది. కళ్లు నా చాట మీదికి దిగాయి. "కత్తెర... ఆ, కనబడుతున్నది."

నిద్రపోతున్న పసిబిడ్డను పడుకోబెట్టినట్టు రిసీవరును మెత్తగా పెట్టేసింది. నా దగ్గరికి వచ్చి కూర్చుంది. వంగి నా వేళ్ల మధ్య నుంచి కత్తెర తీసుకుంది. నేను ఇచ్చాను... అక్క కదా.

మొదటి పోటు భుజంలో దిగింది. నొప్పి తెలియలేదు. రవిక వెచ్చగా తడవడం తెలిసింది. రెండోది మెడకు గురిపెట్టింది. చెయ్యి అడ్డం పెడితే అరచేతిలోంచి దూరి అవతల తేలింది. అరిచాను. డోళ్లు వీధి చివరికి వచ్చాయేమో, నా అరుపు నాకే వినబడలేదు. ఆమె మొహంలో కోపం లేదు. వేళ్లు ఆకు చుడుతుంటే ఎక్కడో ఆలోచిస్తూ ఉంటుందే, అలాగే ఉంది. పొడుస్తోంది. కత్తెర లాగుతోంది. మళ్లీ పొడుస్తోంది. తునికాకుల మీద నెత్తురు చింది జారుడు అయింది. నేను వెనక్కి పాకుతూ చేతికి దొరికిన ఇత్తడి చెంబుతో ఆమె నుదుటి మీద కొట్టాను. గోడకు కొట్టుకుని కూలబడింది.

కాసేపటికి కళ్లు తెరిచి తన చేతుల్ని చూసుకుంది.

"గోదారీ... నా చేతులకు ఇదేందే? ఎవరు పొడిచిండ్రే నిన్ను?"

ఆమె ఏడుపు నిజం. ఇప్పటికీ అదే అంటాను.

అప్పుడే మా ఆయన వచ్చాడు. నుదుట కుంకుమ, ఒంటి మీద కొత్త జంధ్యం, వానకు తడిసిన పంచె. గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. పై టవలు చింపి నా చేతికి కట్టు కడుతూ, "ఎవడు? ఎవడొచ్చిండు?" అని అడుగుతున్నాడు. నేను ఫోను వైపు చూపించి జరిగింది చెప్పాను. ద్రౌపదక్క చెవులు మూసుకుని తల ఊపుతోంది.

"జరంల ఏమో చూసినవు. తీగనే లేదు గదనే దానికి" అన్నాడు. "ఇగో, చూడు."

"వద్దయ్యా! నీ కాల్మొక్త, వద్దు!"

నాకు ధైర్యం చెప్పడానికే ఎత్తాడు. నన్ను చూస్తూనే చెవికి పెట్టుకున్నాడు.

వింటున్నాడు.

వింటున్నాడు...

"లేదు" అన్నాడు. "సావలేదు."

ద్రౌపదక్క గోడ వెంట వెనక్కి జరిగింది.

"ఇద్దరున్నరు. హా... సరే."

రిసీవరు పెట్టేసి వెళ్లి తలుపు గడియ వేశాడు. పనిముట్ల డబ్బా తెరిచాడు. సాంచె నట్లు విప్పే పెద్ద పానా తీశాడు. ముందు ద్రౌపదక్క దగ్గరికి వెళ్లాడు. ఆమె రెండు చేతులూ అడ్డం పెట్టింది. మొదటి దెబ్బకే వేళ్లు విరిగిన చప్పుడు... ఎండుపుల్లల కట్ట తొక్కినట్టు. ఆయన ఆగలేదు. కూలికి పని చేస్తున్నట్టు, ఒకే లెక్కన కొడుతున్నాడు. నేను వెనక నుంచి ఆయన నడుము పట్టుకుని లాగాను. తిరిగి నన్ను బల్ల మీదికి తోశాడు. ఫోన్లు దొర్లి పడ్డాయి. పానా కింద పడేసి, నల్ల ఫోను తాడు అందుకుని నా మెడ చుట్టూ తిప్పాడు.

తాడు తెగలేదు. ఆయన అల్లిందే.

కళ్ల ముందు నల్లగా కమ్ముకుంటోంది. రిసీవరు నా చెవి దగ్గరే వేలాడుతోంది. ఊళ్లో ఒక్క సాంచె నడవని ఆ రోజున, అందులోంచి సాంచెలు నడుస్తున్న చప్పుడు వచ్చింది. వందల సాంచెలు. నా చేతికి ఫోను తగిలింది. రెండు చేతులతో పట్టుకుని, ఇనప పలక తగిలేలా ఆయన కణతకు కొట్టాను. తాడు వదులైంది. మళ్లీ కొట్టాను. మోకాళ్ల మీద కూలబడ్డాడు. కళ్లల్లోకి మా ఆయన తిరిగొచ్చాడు... నేను చూశాను. నోరు తెరిచి, "గోదారీ" అనబోయాడు.

అప్పుడు నా చెవిలో, సాంచెల వెనక నుంచి, ఒక ఆడగొంతు చాలా ప్రేమగా గొణిగింది.

"ఇంకొకటి."

మూడో దెబ్బ అక్కర్లేదు. అయినా కొట్టాను.

ఇంతకాలంలో ఈ మాట ఎవరికీ చెప్పలేదు. దొంగలు పడ్డారని ముగ్గురం ఒకే మాట మీద నిలబడ్డాం. ముగ్గురం అంటే నేను, ద్రౌపదక్క మాట్లాడాం. ఆయన బతికాడు గానీ కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. నన్ను చూస్తే ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకునేవాడు. మూడో దెబ్బ గుర్తుందో లేదో నేను అడగలేదు. ద్రౌపదక్క వేళ్లు వంకరగా అతికాయి, మళ్లీ బీడీ చుట్టలేదు. ఫోన్లన్నీ మా మరిది అంబాదాస్ గోనెసంచిలో వేసి ఎక్కడో పాడుబావిలో పారేసి వచ్చాడు.

ఆ సాయంత్రం నేను గడియ తీసి కేకలేస్తే, సందువాళ్లు మమ్మల్ని రెండు ఆటోల్లో ఆసుపత్రికి తీసుకెళ్లారు. రథం జనంలో చిక్కుకుని చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. వార్డులోకి మోసుకెళ్లేసరికి ముసలి నర్సు ఒకామె ఎదురొచ్చింది. ఆమెలో కంగారు లేదు. అప్పటికే మంచాలకు దుప్పట్లు పరిచి, సెలైన్ సీసాలు కట్టి ఉన్నాయి.

"అశోక్ చౌక్ వాళ్లేనా?" అని మరాఠీలో అడిగింది. "పొద్దున పదకొండింటికే ఫోన్ వచ్చింది. ఎవరో ఆడమనిషి. దెబ్బలతో నలుగురు వస్తారు, మంచాలు సిద్ధం చెయ్యమంది."

పొద్దున పదకొండింటికి మా ఆయన స్నానం చేసి, నా నుదురు ముట్టుకుని చూసి, నవ్వుతూ రథానికి బయలుదేరుతున్నాడు.

నర్సు గుమ్మం వైపు, మా వెనక్కి చూసింది.

"నాలుగో మనిషి ఏరి?"

నేను మంచాల వైపు తిరిగాను. మూడు పెద్దవి. వాటి పక్కన, గోడకు ఆనించి, తెల్ల దుప్పటి పరిచిన నాలుగోది... పసిపిల్లల తొట్టి మంచం.

కట్టు కట్టిన నా చెయ్యి దానంతటదే పొట్ట మీదికి వెళ్లింది. మాకు అప్పటికి ఇంకా పిల్లలు లేరు.