పాత థియేటర్‌లో కుట్లు

సాన్ లాంబెర్తో ఆసుపత్రిలో పాత ఆపరేషన్ థియేటర్ వైపు చీకటి పడ్డాక ఎవరూ వెళ్లరు. ఎప్పుడో ఓ గని కూలీ కడుపు తెరిచి ఉండగానే కరెంటు పోయి, ఆ బల్ల మీదే ప్రాణం పోయిందట. కుట్టకుండానే శవాన్ని పంపేశారట. అప్పట్నుంచీ రాత్రిళ్లు లోపల ఎవరో... కుడుతూనే ఉంటారని చెప్పుకుంటారు.

సర్జరీ ఆఖరి ఏడాది చదువుతున్న డాక్టర్ నీల్దా చురాతా ఇవేమీ నమ్మేది కాదు.

"అటు పోకండి డాక్టరమ్మా," అంది నర్సు ఎవ్లాలియా ఆ రాత్రి. "మొన్న నా చెవులారా విన్నాను."

"ఏం విన్నావు? నీ గురకేనా?"

బయట వడగళ్లు. హాస్టలుకి పాత థియేటర్ ముందున్న వసారా దారే దగ్గర. నీల్దా బయల్దేరింది.

సగం దూరం వెళ్లిందో లేదో — టిక్... టిక్...

కాళ్లు ఆగిపోయాయి. సర్జరీ చదివినవాళ్లకి ఆ చప్పుడు కొత్త కాదు. సూదిని పట్టుకునే పట్టుకారు బిగుసుకునే చప్పుడు. లోపల ఎవరో నిజంగానే కుడుతున్నారు!

వెనక్కి పరిగెడదామనుకుంది. అంతలో తలుపు వెనక సన్నగా మూలుగు... మనిషి మూలుగు. అది విని డాక్టరన్నది ఎలా పారిపోతుంది?

తలుపు తోసింది.

లాంతరు వెలుగు. తెల్ల గౌను. వంగిన వీపు. బల్ల మీద — పాలిపోయిన పాదం. పాదం మాత్రమే. దానికి మనిషి లేడు.

ఆ వీపు మెల్లగా ఇటు తిరిగింది.

"తలుపు వెయ్యి, నీల్దా."

డాక్టర్ ఉర్కీదీ. సర్జరీ విభాగానికి పెద్ద. ఆమెకు కత్తి పట్టడం నేర్పిన మనిషి.

"పంది కాలు," అన్నాడు గుసగుసగా. "బజార్లో కొన్నాను."

కుట్లన్నీ వంకరటింకర. ఆయన కుడిచెయ్యి ఆగకుండా వణుకుతోంది. సూది ఎడమ బొటనవేల్లో దిగి రక్తం కారుతోంది — మూలుగు అందుకే.

"ఎన్నాళ్లనుంచి సార్?"

"కార్నివాల్ పండగ అప్పట్నుంచి. సాధన చేస్తే తగ్గుతుందనుకున్నా... ఎవరికీ చెప్పకు."

తెల్లారితే ఫిలోమెనాకి ఆపరేషన్ — ఆసుపత్రి గేటు దగ్గర రొట్టెలమ్ముకునే ఆవిడ. కడుపులో గడ్డ. ఉర్కీదీ చేతుల్లో అయితేనే కోయించుకుంటానని పట్టుబట్టి కూర్చుంది ముసలామె.

ఇంతకంటే దెయ్యమే నయమనిపించింది నీల్దాకి. ఈయన తల్చుకుంటే తన చదువు ఇక్కడితో సరి.

"రేపు మీరు కత్తి పట్టుకుంటే... నేను అందరికీ చెప్పేస్తాను సార్."

ఆయన గ్లౌజులు విప్పి, లాంతరు తీసుకుని వెళ్లిపోయాడు. చీకట్లో ఆ కాలితో ఆమె ఒక్కతే మిగిలింది.

తెల్లారాక, విద్యార్థులందరి ముందూ ఆయన ఫిలోమెనా దగ్గరికెళ్లి చెయ్యి చాపాడు.

"చూడమ్మా, ఎలా వణుకుతోందో. కోసేది ఈ అమ్మాయి. నేను పక్కనే ఉంటాను."

ముసలామె ఆ చేతిని చూసింది. తర్వాత నీల్దా చెయ్యి పట్టుకుంది.

"ఇంత చల్లగా ఉందేమే పిల్లా?"

"భయమేస్తోందమ్మా."

"నాక్కూడా. వదలకు మరి."

మత్తు ఎక్కేదాకా ఇద్దరూ వదల్లేదు. ఆవిడ బతికింది, గేటు దగ్గర మళ్లీ రొట్టెలమ్మింది. కానీ ఆ క్షణాన అది ఎవరికి తెలుసు? నీల్దా ఆ ముసలి వేళ్లను ఒక్కొక్కటే విడిపించుకుని, చేతులు కడుక్కుని గ్లౌజులు తొడుక్కుని, కత్తి కోసం చెయ్యి చాపింది.