పెట్టని ముద్ద

ఉక్కు ప్లాంటువాళ్ళ మరోదా కాలనీలో మా క్వార్టరు చిన్నదే. ముందు వరండా, మధ్యన ఒక గది, వంటగది, వెనక పెరడు. పెరటి గోడకి రేకు తలుపు, అవతల సన్నటి సందు. సాయంత్రమయ్యేసరికి లైనంతా పెరళ్ళలో బొగ్గుల సిగిడీలు, అంటే కుంపట్లు, రాజేసేవాళ్ళు. ఆ పొగకి కళ్ళు మండేవి గానీ, ఫర్నేసు దగ్గర పనిచేసే నాకు అదొక పొగే కాదు.

అరవై నాలుగో సంవత్సరం, పెద్దల అమావాస్య. బీహారువాళ్ళూ, ఒరియావాళ్ళూ, మన శ్రీకాకుళం వాళ్ళూ అందరూ ఆ రోజు పోయినవాళ్ళకి పెట్టుకున్నారు. పొద్దుటినించీ మినపవడల వాసన. గోడలమీద ఆకులు, ఆకుల్లో అన్నం, కాకులు. మా గోడ ఒక్కటే బోసిగా ఉంది.

మా అమ్మ పోలమ్మ పోయి అప్పటికి రెండు నెలలు. నా ఐదో ఏట నాన్న పోతే, కూలికెళ్ళి తెచ్చిన నూకలు వండి నాకు పెట్టి, తను గంజి తాగి పెంచింది. ఉద్యోగం వచ్చాక నా దగ్గరకి తెచ్చుకున్నాను. తిండి పెట్టగలిగే రోజులొచ్చాయి కదా అనుకునేసరికి ఆవిడ కడుపులో పుండు పడింది. చివరి పదిహేను రోజులూ నీళ్ళు తప్ప ఏదీ దిగలేదు. దేవుడి మీద నాకు కోపం వచ్చిందా అంటే, వచ్చింది. ఎందుకు దాచుకోవాలి?

నేను కనకరత్నాన్ని పెళ్ళి చేసుకోవడం కోసమే కిరస్తానం పుచ్చుకున్నానని మా ఊళ్ళో చెప్పుకుంటారు. మొదట్లో అది నిజమే. వాళ్ళ నాన్న రైల్వేలో ఫిట్టరు, తాతలనాటినించీ క్రైస్తవులు. తర్వాత నేను నిజంగానే నమ్మాను. సారా మానేశాను, పేకాట మానేశాను. బాప్తిస్మం నాడు గురునాథరావు అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, నా చేత మూడు మాటలు అనిపించారు. మూడోది, చచ్చినవాళ్ళకి కూడు పెట్టనని.

మా అమ్మకి ఆ సంగతి తెలుసు. పోయేముందు తనే ఎత్తింది.

“అమాసకి పెట్టడానికి నీ దేవుడు వొద్దంటే మానీరా నాయినా. నాకేటవుద్ది?”

ఆవిడ మానేయమంది. పక్కింటి అచ్చమ్మ మాత్రం ఊరుకోలేదు. ఆ రోజు గోడమీంచి వడలు అందిస్తూ నిలదీసింది.

“పెట్టిన సేతికి ఒక్క ముద్ద తిరిగి పెట్టలేవేట్రా గోపాలూ? నీ దేవుడంత కోపిష్టోడా?”

నేను వడలు పుచ్చుకోలేదు.

కనకరత్నం ఉపవాస ప్రార్థనకని మధ్యాహ్నం బస్సులో పవర్ హౌస్ పేటలో ఉన్న చర్చికి వెళ్ళింది. నేను పొద్దుటి షిఫ్టు దిగి, పడుకుని లేచేసరికి చీకటి పడుతోంది. ఆకలిగా ఉంది. సిగిడీ మీద అన్నం వండుకుని, వేడివేడిగా పళ్ళెంలో పెట్టుకుని, పప్పు కలిపి ముద్ద చేశాను.

“గోపాలూ...”

పెరట్లోంచి. చాలా మెల్లిగా.

అచ్చమ్మ అనుకున్నాను. ముద్ద చేతిలోనే ఉంది.

“ఒరే గోపాలూ... ఆకలేస్తందిరా...”

ఆ గొంతు మా అమ్మది. పోలిక కాదు, అదే గొంతు. ‘గో’ దగ్గర కాస్త సాగదీసి, ‘లూ’ దగ్గర విరిచే పిలుపు. నన్ను అలా పిలిచే మనిషి ఈ లోకంలో ఇంకెవరూ లేరు.

పెరట్లో సిగిడీ ఆరిపోయింది. పొగ వాసన పోయి ఇంకేదో వాసన వస్తోంది... ఆసుపత్రి వాసన. పుండు కడిగిన నీళ్ళ వాసన.

“యేసయ్యా, యేసయ్యా” అనుకున్నాను. పెదవులు కదిలాయి గానీ శబ్దం రాలేదు.

“నీ యేసయ్యనే అడుగు బాబూ” అంది రేకు తలుపు వెనకనించి. “ఆకలన్నోళ్ళకి అన్నం పెట్టమనే గదా ఆయనా సెప్పింది? ఒక్క ముద్ద. గడప మీద పెట్టీసి తలుపేసుకో. ఎవురూ సూడరు.”

నిజమే కదా అనిపించింది. ఆకలన్నవాళ్ళకి పెట్టొద్దని ఏ దేవుడంటాడు? అన్నం ముందున్న మనిషి, ఆకలి మీదున్న తల్లి, మధ్యన ఒక రేకు ముక్క. ఎప్పుడు లేచానో తెలీదు. పెరడు దాటాను. ఎడమ చెయ్యి గడియ మీద ఉంది. కుడి చేతిలో ముద్ద ఇంకా వేడిగానే ఉంది.

గడియ సగం లాగాను. ఆగిపోయాను.

మా అమ్మ అడగదు. పుట్టి బుద్ధెరిగినప్పటినించీ ఆవిడ నన్ను ఫలానాది పెట్టమని అడగడం నేను వినలేదు. ప్రాణం పోతున్నప్పుడు కూడా అడగలేదు. ఇది అడుగుతోంది... బతిమాలుతోంది.

“నువ్వు మా అమ్మవి కావు” అన్నాను. “యేసు నామంలో చెప్తున్నాను, పో ఇక్కణ్ణించి.”

అవతల చప్పుడు లేదు. లైనంతటిలోనూ చప్పుడు లేదు. ప్లాంటు వైపు స్లాగు, అంటే నిప్పులా కరిగిన చిట్టెం, పోసినట్టున్నారు, ఆకాశం ఎర్రబడింది. తలుపు కింద సందులోంచి ఆ వెలుగు లోపలికి పాకింది. ఆ వెలుగులో పాదాలేమీ కనబడలేదు.

“అవును” అంది, అదే గొంతుతో. “నేను మీ అమ్మని కాను.”

నేను గడియ వదల్లేదు.

“మీ అమ్మ నా ఎనకాల నిలబడుంది.”

అప్పుడు వినబడింది. కాస్త దూరంనించి, ఒక దగ్గు. ఆ తర్వాత ఒక మాట. ఎంత నీరసంగా అంటే, చెవి రేకుకి ఆనించి వినాల్సొచ్చింది.

“నాకాకలి నేదు నాయినా... నువ్వు తినీ. అన్నం సల్లారిపోతంది...”

ఆ అబద్ధం తిని పెరిగినవాణ్ణి నేను. అందులో ఎంత ఆకలుంటుందో నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

గడియ తీయలేదు. వెనక్కి తోసి బిగించాను. అక్కడే మోకాళ్ళ మీద కూలబడి, చెవులు మూసుకుని, వచ్చిన ప్రార్థనలన్నీ గట్టిగా అరిచాను. ముద్ద నా వేళ్ళలో నలిగి మట్టిలో పడిపోయింది. ఎంతసేపయిందో తెలీదు. చేతులు తీసేసరికి మళ్ళీ బొగ్గుల వాసన వస్తోంది, పక్కింట్లో గిన్నెల చప్పుడు అవుతోంది.

ఆ ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పాను. ‘నువ్వు మా అమ్మవి కావు’ అన్నచోట ఆపేశాను. అందరూ స్తోత్రం అన్నారు. శోధన జయించావు నాయనా అని అయ్యగారు నన్ను కావలించుకున్నారు. జయించాను, కాదనను. ఆ జయం ఎవరికైనా ఇచ్చేద్దామంటే పుచ్చుకునేవాళ్ళు లేక ఇన్నేళ్ళూ నేనే మోస్తున్నాను. నా నమ్మకం పోలేదు. పోయినా బాగుండేదని అనుకున్న రోజులున్నాయి.

ఆ సాయంత్రంలో ఇంకొక ముక్క మిగిలింది. అది ఎవరికీ చెప్పలేదు.

నేను చెయ్యి కడుక్కుంటూ ఉండగానే కనకరత్నం వచ్చింది. బస్సు దిగి దగ్గరదారని వెనక సందులోంచే వచ్చిందట. రేకు తలుపు తట్టి, నేను తీయనంటే విసుక్కుని, చుట్టూ తిరిగి ముందునించి వచ్చింది. చెప్పులు విడుస్తూ అడిగింది.

“ఏమండీ, పీఛే గల్లీలో ఆ ఆడవాళ్ళెవరు? ఇద్దరు. ముందావిడ రెండో ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని బరబరా లాక్కుపోతంది. ఆ వెనకావిడ పాపం, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని మనింటివేపే చూస్తంది.”

నేను చెంబెత్తి చేతిమీద మళ్ళీ నీళ్ళు పోసుకున్నాను.

“ఎవరు కావాలమ్మా అని అడిగాను. ముందావిడ నవ్వింది. ‘ఇంటాయన వొద్దన్నాడమ్మా, మళ్ళీ అమాసకి తీసుకొస్తాను’ అంది.” చీర కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు చూసింది. “ఏదో అమ్ముకునేదానిలాగుంది. ఏటండీ, ఏటమ్మొచ్చింది?”