సున్నా దొరికేదాకా

మధ్యాహ్నం భోజనాలయ్యాక పని మొదలుపెట్టాం. హాళ్లు కట్టేవాళ్లకి శబ్దాల లెక్కలు చేసిపెట్టడం మా పని. ఎంత పొడుగు గది ఏ స్వరానికి మోగుతుందో ఒక సమీకరణం చెబుతుంది. దాని మూలాలు, అంటే దాన్ని సున్నా చేసే విలువలు, చేత్తో తేలే రకం కాదు. కంప్యూటరే వెతికి ఒక్కో చుక్క పెడుతుంది. చుక్కలు కలిపితే గీత.

వెతకడమంటే వేటే. రెండు హద్దులిస్తాం. ఒక హద్దు దగ్గర ప్లస్, రెండోదాని దగ్గర మైనస్ వచ్చిందంటే మధ్యలో ఎక్కడో సున్నా నక్కి ఉన్నట్టే. సగానికి కోసి, సున్నా లేని సగాన్ని పారేయాలి. మిగిలినదాన్ని మళ్లీ సగానికి.

నేను పరీక్ష గదిలో ఉన్నాను. కిటికీ లేదు. గోడల నిండా మందపాటి స్పాంజి. ఎడమ గోడకి ఆనుకుని కుర్చీ, తెర, నెత్తిమీద స్పీకరు. కుడి గోడకి తలుపు, పక్కనే మైకు బటన్. అది నొక్కితేనే నా మాట అవతలికి వెళ్లేది. అవతల కీబోర్డు దగ్గర నా మరదలు.

"వదినా, హద్దులు చెప్పు."

బటన్ నొక్కి, చేతిలో కొలత టేపు చూసి చదివాను. "ఎడమ గోడ సున్నా. తలుపు గోడ ఎనిమిది."

"ఎక్కడ ఆపాలి?"

"ఆపడమేంటే? సగం ఉడికిన పని నా దగ్గర చెల్లదు. సున్నా దొరికేదాకా కానియ్!"

"అబ్బో! నీ నోటికి హద్దు పెట్టే ప్రోగ్రాం ఇంకా పుట్టలేదులే."

వెళ్లి కూర్చున్నాక తట్టింది. అది అడిగింది స్వరం హద్దులు. నేనిచ్చింది గది హద్దులు.

తెర మీద అక్షరాలు పడ్డాయి. 'ఉంచినది: ఎడమ సగం.'

నాలిక కరుచుకుని, చెబుదామని లేచాను. తలుపు లేదు. గది నడిమధ్యన స్పాంజి గోడ. పాత జిగురు వాసన. బటన్ అవతలికే పోయింది.

తెర వైపు తిరిగాను. మళ్లీ 'ఎడమ సగం.'

వీపుకి ఏదో మెత్తగా తగిలింది...

"ఆపవే! నీకు దండం పెడతా, ఆపు!"

స్పాంజి నా అరుపుని మింగేసింది. నెత్తిమీద స్పీకరు మాత్రం ముచ్చట్లాడుతోంది. "చుక్కలన్నీ నీ వైపే జరుగుతున్నాయి వదినా. భలే ఉంది!"

తెర తీగ పీకేశాను. చీకటి. గోడలు సన్నగా మోగుతున్నాయి. పోనుపోను ఆ మోత కీచుగా మారింది. కుర్చీ విరిగింది. మోకాళ్లు గుండెలకి ముడుచుకున్నాను. ముక్కుకి స్పాంజి... ఊపిరి సగం. అందులో సగం...

మోత ఆగింది.

"వదినా, దొరికిందా?"

నోరు తెరవడానికి చోటు లేదు.

"దొరికింది," అని ఎవరో నా గొంతుతో చెప్పారు. గోడ అవతలి నుంచి. బటన్ ఉన్న వైపు నుంచి.

తలుపు తెరుచుకున్న చప్పుడు. ఆ వెనకే మరదలి నవ్వు.

"ఏంటి వదినా, ఇవాళ ఒక్క తిట్టయినా లేదు?"